నల్లమల వనయాత్రకు మా సన్నాహము

మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ప్రవరుని కథ తెలిసినదే. ఇల్లు కదలి యెరుగని యా గృహస్థుడు అతిథిగా వచ్చిన సిద్ధుని నోట దేశదేశముల వింతలు విని, ఆయన యిచ్చిన పాదలేపము పూసికొని, ఉత్తరమున నున్న హిమాలయమునకు పోయెను. పోవుట కుపాయము దొరికినదే గాని, వచ్చుట యెట్లో ఆలోచింపలేదు. మంచునకు లేపము కరగిపోగా ఇంటిదారి తెలియక చిక్కుకొనెను. మా చిన్నతనమున గద్వాలలో నాయనగారు మాకీ ఘట్టము పాఠము చెప్పుచు, "అమ్మా, ప్రయాణము ముందు తలతో చేయవలెను, తరువాత కాళ్ళతో" అనెడివారు. ఆ మాట మొన్న శ్రావణమాసమున గాని మాకు బాగుగ బోధపడలేదు.

మన యాడువారి ప్రయాణము లెట్టివి? పుట్టింటికి, పురుటికి, పెండ్లికి, తీర్థమునకు. ఏ కార్యమును లేక, కన్నులార చూచుటకే యొక చోటికి పోవుట మన లెక్కలో లేదు. మా పుట్టిల్లు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ. అచట కనుచూపుమేర చేలే గాని అడవి లేదు. మెట్టినిల్లు వనపర్తి. కాపురమునకు వచ్చిన పదునైదేండ్లలో శ్రీశైలమునకు ఎనిమిది మారులు పోయితిమి. పోయిన ప్రతి మారును మన్ననూరు మొదలు దోమలపెంట వరకు నల్లమల నడుమ నుండియే పోయితిమి. కాని ఆ యడవిని చూచితిమా యని యడిగిన, లేదనియే చెప్పవలెను. పిల్లలకు కడుపులో తిప్పకుండ నిమ్మకాయ వాసన చూపుటతోను, ప్రసాదపు డబ్బాలు ఒలికిపోకుండ పట్టుకొనుటతోను దారి గడచిపోయెడిది. మల్లన్నను చూడ పోవుచు మల్లన్న యింటి వాకిలిని చూడకయే వచ్చితిమి.

మొన్న శ్రావణమున మా యింటివారికి బడి సెలవు రెండు దినములు కలిసివచ్చినది. పిల్లలు పులిని చూడవలె ననిరి. సరే, శ్రీశైలము పోవు దారిలో ఫరహాబాదు ద్వారముకడ దిగి, వనవిహారపు బండి యెక్కుదమని బయలుదేరితిమి. ఎవ్వరిని అడిగినది లేదు, ఏమియు విచారించినది లేదు. ద్వారమున నున్న కావలివాడు, "వానకాలము మూడు నెలలు, జులై మొదలు సెప్టెంబరు కడవరకు, లోపలికి ఎవ్వరిని పంపము తల్లీ" అని మర్యాదగా చెప్పి పంపినాడు. పిల్లల మొగములు వాడిపోయినవి.

అక్కడికి ఆగిన బాగుండెడిది. పిల్లలను ఊరడించుటకు, కొంత దూరము పోయిన పిమ్మట రోడ్డుప్రక్కన కోతుల గుంపును చూచి బండి ఆపించితిమి. అత్తగారు హనుమంతునికని తెచ్చిన అరటిపండ్ల గెల విప్పినారు. మేమే ఒక్కొక్కటి విసరితిమి. పొట్టకు పిల్లను కరచుకొని యున్న యొక తల్లికోతి, రోడ్డుకు నడుమ పడిన పండుకొరకు ఉరికినది. ఎదురుగ వచ్చిన బండి ఆగలేకపోయినది. తల్లి కదలలేదు. పిల్ల మాత్రము బ్రతికి, తల్లిని విడువక కీచుకీచుమని యరచుచుండెను. తక్కిన కోతులు రోడ్డుప్రక్క చెట్లపైకి చేరి మమ్ములనే చూచుచుండెను.

ఆ రాత్రి అత్తగారు అన్నము ముట్టలేదు. మేమును ముట్టలేదు. ఆ పండు విసరిన చేయి మాది. ఆ యడవిని మరల చూడవలెనని, ఈ సారి తెలిసికొని చూడవలెనని ఆ రాత్రియే నిశ్చయించుకొంటిమి. నాలుగు నెలలుగా విచారించి కూర్చుకొన్న మా సన్నాహమును, మావలె పోదలచిన సోదరీమణులకు పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

ముందు ఆ యడవి యెట్టిదో తెలిసికొనవలెను. నల్లమల కృష్ణానదికి రెండు దరులను పరచుకొని యున్నది. దక్షిణపు దరి ఆంధ్రప్రదేశ్‌ది, ఉత్తరపు దరి తెలంగాణది. 1978లో ఈ యడవిలో పెద్ద భాగమును నాగార్జునసాగరు శ్రీశైలము అభయారణ్యముగ ప్రకటించిరి. 1983లో పెద్దపులుల సంరక్షణపథకములో చేర్చిరి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు అడవియు రెండు పాలనలక్రిందికి వచ్చినది. ఉత్తరపు దరి 2015లో అమ్రాబాదు పులుల అభయారణ్య మైనది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో నున్న దీని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 మనుష్యసంచారము మితముగ నుండవలసిన గర్భభాగము. 2016లో పాత మహబూబ్‌నగరు జిల్లాను పంచినప్పుడు మా పుట్టిల్లు గద్వాల యొక జిల్లాకును, మెట్టినిల్లు వనపర్తి యొక జిల్లాకును పోగా, అడవి నాగర్‌కర్నూలు వంతునకు వచ్చినది. పేరుకు పరాయి జిల్లా యైనను, మా యందరికిని దగ్గరనున్న మహారణ్య మిదియే.

ఇచట పెద్దపులియు, చిరుతయు, ఎలుగుబంటియు, రేచుకుక్కయు గలవు. చుక్కలదుప్పి, కణుజు, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె, అడవిపంది, కొండముచ్చు, చెట్టు దిగని బెట్టుడుత, ఒడలెల్ల పొలుసులు గల అలుగు గలవు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు దట్టముగ పెరుగును. దసరానాడు మనము వెదకి వెదకి చూచు పాలపిట్ట అచట కొమ్మకొమ్మకును కనబడునట. మన దేశమున పెద్దపులులు 2006వ సంవత్సరపు లెక్కలో 1,411 మాత్రమే తేలినవి. 2022 లెక్కలో 3,682 అని అంచనా వేసిరి. ఒక పులి యొడలిపై చారలు మరియొక పులికి ఉండవు, మన వ్రేలిముద్రలవలెనే. చెట్లకు కట్టిన కెమెరాలలో పడిన బొమ్మలను పోల్చి ఈ లెక్క కట్టుచున్నారు.

ఇక కాలనిర్ణయము. వానకాలమున ద్వారము మూసియుండు నని చెప్పితిమి. దసరా నాటికి తెరతురు గాని, అప్పుడు పొదలు ఏపుగ పెరిగి పది గజముల దూరమున మృగ మున్నను కానరాదు. ఎండకాలమున ఆకు రాలి చూపు దూరము పోవును. నీరు తక్కువ యగుటచే మృగములు చెలమలకడకును, శాఖవారు త్రవ్వించి నింపు నీటితొట్లకడకును చేరును. మృగములను చూడవలె నన్నవారికి అదియే మంచి కాలమందురు. కాని ఎండ తీవ్రము. ముసలివారిని, పసివారిని వెంటబెట్టుకొని పోదగదు. కార్చిచ్చుల కాలమును అదియే. ఇప్పపూవు రాలు దినములలో దానికై ఎలుగులు తిరుగును. శివరాత్రి ముందు పాదచారులైన భక్తులతో దారి నిండిపోవును. ఇవి యన్నియు విచారించి, చలికాలమే మా కుటుంబమునకు తగునని తేల్చుకొంటిమి. మా యింటివారికి సంక్రాంతి సెలవు లున్నవి గదా!

అప్పుడు అత్తగారు, "కనుమనాడు కాకియు కదలదు. పండుగ మూడు దినములు ఇల్లు విడువ వలను కాదు" అనిరి. నిజమే. వాకిట ముగ్గు లేక పోయిన సంక్రాంతి యెట్టిది? కావున కనుమ మరునాటి తెల్లవారుజామున బయలుదేరుట కేర్పాటు చేసితిమి. గద్వాలనుండి మా వదినెగారు పండుగకు వచ్చెదరు. వారును మాతో వచ్చెదరు.

మా రెండు దినముల క్రమ మిది. మొదటినాడు వనపర్తినుండి నాగర్‌కర్నూలు మీదుగ అచ్చంపేట చేరుట. అచటికి చేరువనే, కొండచరియలో ఉమామహేశ్వర మున్నది. శ్రీశైలమునకు ఉత్తరద్వార మని దానికి ప్రసిద్ధి. అత్తగారికి దర్శనము, మాకు కొండగాలి. సాయంకాలమునకు మన్ననూరు చేరి అటవీశాఖవారి కుటీరములలో రాత్రి విడిది. రెండవనాడు ప్రొద్దున్నే ఫరహాబాదు ద్వారమునుండి వనవిహారము. పారసీక భాషలో ఫరహాబాదనగా ఆనందనగర మని యర్థమట. పూర్వము నిజామువారు వేటకు వచ్చి విడిసిన కట్టడపు శిథిలము లచట నున్నవి. ఒకనాడు తుపాకి పట్టి పోయిన దారినే నేడు దుర్భిణి పట్టి పోవుదుము. కొండ యంచున నిలిచిన, క్రింద లోయ యంతయు అడవియే. మధ్యాహ్నమునకు తిరుగుప్రయాణము.

మల్లెలతీర్థపు జలపాతమును చేర్చుమని పిల్లలు పట్టుబట్టిరి గాని, అచట వందలకొలది మెట్లు దిగి యెక్కవలెను. అత్తగారి మోకాళ్ళు దాని కొప్పవు. పైగా రెండు దినములలో నాలుగు చోట్లు చుట్టవలెనను ఆత్రమున ఏ చోటును చూడజాలము. కావున దానిని మరియొక మారునకు విడిచితిమి.

కుటీరములను, వనవిహారమును అటవీశాఖవారి అంతర్జాలపుటలో ముందుగ నిశ్చయము చేసికొనవలెను. రుసుములు మారుచుండును గావున ఇచట వ్రాయము. లోపలికి శాఖవారి బండిలోనే పోవలెను. శ్రీశైలము రోడ్డున అడవిలో రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు బండ్లను విడువరు. రాత్రి మృగములు దారి దాటు వేళ గదా! కావున చీకటి పడకముందే విడిది చేరునట్లు లెక్క చూచుకొనవలెను. లోపల చాల చోట్ల సెల్‌ఫోను పలుకదు. పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకొనవలెను. పెద్ద వైద్యము కావలసిన అచ్చంపేటకే తిరిగిరావలెను గావున, ఎవరి నిత్యౌషధములు వారు, గాయములకు కట్టుగుడ్డయు, జ్వరమునకు మందును మరువరాదు. పోవు త్రోవ, వచ్చు వేళ యొక చీటిపై వ్రాసి ఇరుగుపొరుగువారి కిచ్చి పోదుము. ప్రవరుడు చేయని పని ఇదియే.

బట్టల విషయమున మా వదినెగారితో చిన్న వాదము నడచినది. "కొత్త గద్వాల చీర కట్టుకొని ఫొటో దిగవలెను" అని వారి కోరిక. "వదినెగారూ, ఆ జరీ తళతళకు పులి మాట యటుండనిండు, ఉడుతయు నిలువదు" అంటిమి. మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు నూలుబట్టలు మేలు. కుచ్చెళ్ళు ముండ్లకు తగులకుండ చీర కొంచెము పైకి కట్టుకొనవలెను. పిల్లలకు నిండుచేతుల చొక్కాలు. అత్తరు, పూలదండ వలదు. గాజులు తీయ నక్కరలేదు. చేతిరుమాలు చుట్టిన చప్పుడు కాదు. పిల్లల కాలిగజ్జెలు మాత్రము ఇంట నుంచవలెను. తెల్లవారుజామున చలి మెండు గావున శాలువలు కావలెను. బండిలో నున్నంతసేపు క్రిందికి దిగుట కూడదు. కావున విడిదిలోనే కాలకృత్యములు ముగించుకొని ఎక్కవలెను. సిగ్గుపడి దాహము చంపుకొనుట ఆడువారికి అలవాటు గాని, అది యారోగ్యమునకు హాని.

భోజనమునకు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర, వేయించిన అటుకులు. అన్నియు మూతగట్టి స్టీలు డబ్బాలలో. నీళ్ళకు స్టీలు చెంబులే. ప్లాస్టిక్ సంచియు, సీసాయు ఇంటనుండియే కదలరాదని కట్టడి చేసికొంటిమి. ఉప్పు తగిలిన ప్లాస్టిక్ సంచిని దుప్పి నమలి మ్రింగిన, అది కడుపులో అడ్డుపడి చచ్చును. లోపల తినుట లేదు, తినునది విడిదిలోనే.

ఇక చూచుట యెట్లు? పులి కనబడు నన్న యాశతో పోయినవారు పులి కనబడకున్న నేమియు చూడనట్లే తిరిగివత్తురు. అంత పెద్ద యడవిలో కొలదిపాటి పులులు. అవి ఒంటరిగ తిరుగునవి. ఆడుపులి తన పిల్లలను రమారమి రెండేండ్లు ఒంటిగనే పెంచి, వేట నేర్పి, తన దారిన పంపును. ఆమెకు మన కంట పడవలసిన పని యేమి? కాని ఆమె యుండుట తెలియుటకు ఆనవాళ్ళు పెక్కు. మట్టిదారిలో అడుగుజాడ, చెట్టు బెరడుపై గోరుగీతలు. అన్నిటికంటె ముఖ్యము చెవి. పులినో చిరుతనో చూచినప్పుడు చెట్టుమీది కొండముచ్చు కూతపెట్టి హెచ్చరించును. క్రింద దుప్పి కీచుమనును. కణుజు భోంకారము చేయును. కొండముచ్చు రాల్చు ఆకును దుప్పి తినును, దుప్పి పసిగట్టిన వాసన కొండముచ్చునకు మేలు చేయును. ఇరుగుపొరుగువారి సహాయ మన నిదియే. అందుచేత మా పన్నెండేండ్ల అమ్మాయికి ఒక నోటుపుస్తక మిచ్చి, కనబడినదేగాక వినబడినదియు వ్రాయుమని చెప్పితిమి. ఇప్పుడే పెరటి ఉడుతతో అభ్యాసము మొదలుపెట్టినది. పిల్లి వచ్చునప్పుడు ఉడుత పిలుపు వేరుగ నుండు నని కనిపెట్టి, మాకు చెప్పినది. ఇన్నేండ్లు ఆ పెరటిలోనే గిన్నెలు కడిగిన మా చెవి కది పట్టలేదు.

ఈ యడవిలో మృగములే గాదు, మనుష్యులును గలరు. చెంచులు చిరకాలముగ నిచట పెంటలను పేరుగల చిన్న చిన్న గూడెములలో నుండి, దుంపలు, తేనె, జిగురు సేకరించి జీవించినవారు. 1940లో హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియాదేశపు పండితుడు ఈ చెంచుల నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. ఆయన భార్యయు ఆయనకు తోడుగ అడవులలో తిరిగిన ధీరురాలు. నేడు చెంచు యువకులు కొందరు పులుల కావలివారుగను, వనవిహారమున మార్గదర్శకులుగను పనిచేయుచున్నారు. గర్భభాగపు పల్లెలవారు ఇష్టపడి వెలుపలికి వచ్చిన యెడల కుటుంబమునకు 15 లక్షల రూపాయలో, లేక భూమియు ఇల్లునో ఇచ్చు పథక మొకటి గలదు. పులికి చోటు కావలెననుట నిజమే. పుట్టిన చోటు విడుచుట యెంత కష్టమో అత్తవారింటికి వచ్చిన ప్రతి యాడుదానికిని తెలియును. ఆ రెండు మాటలను మనస్సున నుంచుకొని వారితో మాటాడవలెను. మన బండికి దారి చూపువానిని "అన్నా" యని పిలిచి, చెప్పినది వినవలెను. పెంటలో ఇండ్లముందు నిలిచి, అడుగక ఫొటోలు తీయుట మర్యాద గాదు. మన వాకిట ఎవరేని అట్లు చేసిన ఊరకుందుమా? 2019లో యురేనియపు త్రవ్వకములను గూర్చి కలవరము పుట్టినప్పుడు ఆ గూడెములవారును, చుట్టుప్రక్కల ఊళ్ళవారును కలిసి వలదనిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభయు వలదని తీర్మానించినది. అడవి నిలిచియున్న దనిన, నిలుపుకొన్నవా రున్నారని యర్థము.

అన్నియు కుదిరినవి గాని యొక్కటి మిగిలినది. అత్తగారు మరల అరటిపండ్లు కొనుమనిరి. "కోతి చచ్చినది మన ఖర్మము. భూతదయ మానుట పాపము గాదా? రోజూ కాకికి ముద్ద పెట్టనిదే మనము తినము గదా" అనిరి. పెద్దవారికి ఎదురు చెప్పుట యెట్లు? పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి యని మేమును చదువుకొన్నవారమే. మేము మెల్లగా, "అత్తమ్మా, అటవీశాఖవారు దారిపొడవున పలకలు కట్టి వలదనుచున్నారు. రోడ్డున తిండి దొరకుటచేతనే కోతులు అడవి విడిచి రోడ్డు పట్టినవి. పండు తిని గింజ జార్చుచు చెట్లను మొలిపించుట వాని పని. ఆ పని మానినవి. బండ్లక్రింద పడుచున్నవి" అంటిమి. అత్తగారు బదులు చెప్పక బియ్యము చెరుగుచు కూర్చుండిరి.

మరునాడు ఉదయము వా రంతట వారే పిలిచి యిట్లనిరి: "కోడలా, రాత్రి ఆలోచించితిని. ఒకరి యింటికి చుట్టముగా పోయి, ఆ తల్లి వండిపెట్టిన అన్నము వదలునట్లు ఆ బిడ్డలకు మిఠాయి పెట్టితిమనుకో, ఆ తల్లికి కోపము రాదా? అడవి వాని వంటయిల్లు. అచట మనము వడ్డింపరాదు. మన వాకిట వచ్చిన దానికి మన మిడుదుము." ఆ పూటనుండియే పెరటిగోడపై పిట్టలకొక మూకుడు నీళ్ళు పెట్టుచున్నారు. కనుమనాడు కొనవలసిన అరటిగెలను, మా యింటివారి బడిలోని పసిపిల్లలకు పంచవలె నని నిర్ణయించినారు. నాలుగు నెలలు పుస్తకములు తిరుగవేసి మేము చెప్పలేనిది, వా రొక్క మాటలో చెప్పిరి.

సోదరీమణులారా! మీ యూరికిని ఏదో యొక కొండయో, చెరువో, అడవియో చేరువలో నుండకపోదు. పోవుటకు ముందు దానిని గూర్చి విచారింపుడు. పోయి చప్పుడు చేయక కూర్చుండుడు. తెచ్చుకొన్నదంతయు తిరిగి తెచ్చుకొనుడు. పులి కనబడిన భాగ్యమే. కనబడకున్నను, అది మనలను చూచి ఊరకుండె ననుకొని నమస్కరించి రావలెను.

మా మూటలు సిద్ధమగుచున్నవి. బడిలోని పాత దుర్భిణిని మా యింటివారు తుడిచి తెచ్చినారు. తిరిగివచ్చు నాటి బండియు, వేళయు ముందే వ్రాసి గోడకు అంటించితిమి. ఆ రోడ్డుమీది మలుపు వచ్చినప్పుడు మాత్రము బండి నాపము. తలవంచుకొని దాటిపోదుము.